తోప్ కా సాంచా: ఫిరంగి అచ్చు నుంచి మా కాక గాలం అచ్చు దాకా



పోయిన నవంబరులో మా కాక ఫోన్ చేసిండు. మాది కడెం దిక్కు ఊరు. పత్తి ఏరుడు అయిపోయినంక కాక పొద్దుగూకే ముందు గాలం పట్టుకొని ప్రాజెక్టు నీళ్ల కాడికి పోతడు. కొర్రమట్టలు పడితే ఇంటికి, ఎక్కువ పడితే అంగడికి. కాక వాడే గాలానికి కొక్కెం మెడ దగ్గర సీసం తల పోసి ఉంటది. దాన్ని నీళ్లలోకి వదిలి పైకీ కిందికీ ఆడిస్తే చేప బతికున్న పురుగు అనుకొని మింగుతది. షాపులో దాన్నే జిగ్గు అంటరు. ఒక్కోటి కొనాలంటే కాకకి భారం, అందుకే ఇంట్లోనే పోసుకుంటడు. ఇటుకని రెండు ముక్కలు చేసి, లోపల తల ఆకారం చెక్కి, రెండూ తీగతో కట్టి, పైనుంచి కరిగిన సీసం పోస్తడు.

"బిడ్డా, మెత్తటి రబ్బరు అచ్చు ఒకటి ఉంటదట, ఫోన్‌ల చూసిన. ఇటుక లెక్క పగలదట. పట్నంల దొరుకుతదేమో చూడు" అన్నడు. గోండిలో అన్న మాట, నేను తెలుగులో రాస్తున్న.

నేను ఉండేది నాంపల్లి దగ్గర హాస్టల్‌లో. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు, అందుకే పట్నంలో ఏం కావాలన్నా ఊరంతా నాకే చెప్తది. ఆదివారం నడుచుకుంటూ ఆబిడ్స్ పోయిన. ట్రూప్ బజార్‌లో ఒక షాపాయన సిలికాన్ గురించి గన్‌ఫౌండ్రీ దిక్కు అడగమన్నడు. దారి తెలియక ఒక ముసలాయనని "గన్‌ఫౌండ్రీ ఎటు?" అని అడిగిన. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "తోప్ కా సాంచా? సీదా జావ్ బేటా" అన్నడు.

సాంచా అన్న మాట దగ్గర నేను ఆగిపోయిన. మా దిక్కు మరాఠీ కలిసిన మాటల్లో అచ్చుని సాచా అంటరు. కాక నన్ను తెమ్మన్నదీ సాచానే. తోప్ అంటే ఫిరంగి. అంటే ఆ పేరుకి అర్థం ఫిరంగి అచ్చు. మనం రోజూ బస్సులో పోయే ఆబిడ్స్ పక్కనే, ఒక బస్తీ పేరు రెండు వందల ఏళ్లుగా ఒక అచ్చు పేరు. ఇంగ్లీషు పేరులో ఫిరంగి ఉంది, కార్ఖానా ఉంది, అచ్చు లేదు. అచ్చుని గుర్తుపెట్టుకున్నది జనం పెట్టిన పేరే.

ఆ రోజు నుంచి ఈ అచ్చు సంగతి నన్ను వదలలేదు. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్న. దీంట్లో మన వాళ్ల కథ కూడా ఉంది.

ముందు ఆ ఫిరంగి కథ. 18వ శతాబ్దం చివర హైదరాబాద్‌ని పాలించింది నిజాం అలీ ఖాన్, రెండో అసఫ్ జా. ఒక దిక్కు మరాఠాలు, ఒక దిక్కు మైసూరు, ఇంకో దిక్కు ఇంగ్లీషు కంపెనీ. తనకూ యూరపు పద్ధతి సైన్యం కావాలని ఆయన మిషెల్ జోషిమ్ మారీ రేమండ్ అనే ఫ్రెంచి ఆయనని కొలువులో పెట్టుకున్నడు. రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీలో పుట్టిండు, 1775లో పుదుచ్చేరి వచ్చిండు. ముందు మైసూరు వైపు పనిచేసి, తర్వాత నిజాం దగ్గర చేరిండు. కొన్నేళ్లలోనే వేల మంది సిపాయిల పటాలం తయారైంది. పటాలానికి తుపాకులు, ఫిరంగులు కావాలి. వాటిని బయట కొనుక్కుంటే అమ్మేవాడి దయ మీద బతకాలి. అందుకే ఇప్పటి ఫతే మైదాన్ దగ్గర ఈ ఫిరంగులు పోసే కార్ఖానా కట్టించిండు. అదే తోప్ కా సాంచా.

జనానికి రేమండ్ అంటే ఇష్టముండేదట. మూసా రహీం అని ముస్లింలు, మూసా రాం అని హిందువులు పిలిచేవాళ్లని చెప్తరు. మూసారాంబాగ్ పేరు అట్లనే వచ్చిందంటరు. 1798 మార్చి 25న ఆయన చనిపోయిండు. అదే ఏడు సెప్టెంబరులో నిజాంకి, ఇంగ్లీషు కంపెనీకి ఒప్పందం అయింది. అక్టోబరులో ఫ్రెంచి పటాలం చేతుల్లో ఆయుధాలు తీసేసి దాన్ని రద్దు చేసిన్రు. అక్కడి నుంచి నిజాం రక్షణ ఇంగ్లీషు వాళ్ల సైన్యం మీద, దాని ఖర్చు నిజాం మీద. ఒక రాజ్యం తన ఆయుధం తాను పోసుకునే చోటు ఉండి కూడా ఎట్ల చేయి చాపాల్సి వచ్చిందో ఆ ఒక్క ఏడాదిలో కనిపిస్తది. ఇప్పుడు ఆ కార్ఖానాలో మిగిలింది శిథిలమే. మలక్‌పేట అవతల అస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి మాత్రం నిలబడి ఉంది.

రేమండ్ పేరు సమాధి మీద ఉంది, పుస్తకాల్లో ఉంది. ఆ ఫిరంగులకి మట్టి పిసికిన వాళ్ల పేరు ఒక్కటీ లేదు. మరి అసలు పని చేసిందెవరు? ఆ కాలంలో ఫిరంగి పోసే పని ఎట్ల ఉండేదో చదివితే మీకే అర్థమైతది.

ముందు ఒక పొడవైన కట్టె దూలం తీసుకుంటరు. దాని చుట్టూ గడ్డి తాడు చుడతరు. తాడు మీద మెత్తటి మట్టి రుద్ది, ఫిరంగి ఎట్ల ఉండాలో అట్ల గుండ్రంగా తిప్పుతూ ఆకారం తెస్తరు. మీద ఉండే ముద్రలు, పువ్వులు మైనంతో చేసి అతికిస్తరు. దాని మీద మైనమో కొవ్వో పూసి, మళ్లీ మట్టి పొరలు వేస్తరు. ఆ మట్టిలో పేడ, వెంట్రుకలు కలుపుతరు, ఆరినప్పుడు పగలకుండా. పైన ఇనుప పట్టీలు బిగిస్తరు. ఆరినంక దూలం లాగేస్తరు, తాడు ఊడొస్తది, లోపలి మట్టి పగలగొట్టి తీస్తరు, మైనం కరిగి పోతది. మిగిలేది బయటి డొల్ల. అదే సాంచా. దాన్ని గుంతలో నిలబెట్టి, పక్కన మట్టి కూరి, కరిగిన కంచు పోస్తరు. కంచు అంటే పది పాళ్లలో సుమారు తొమ్మిది పాళ్లు రాగి, ఒక పాలు తగరం. చల్లారినంక సాంచాని పగలగొట్టాలి. ఒక సాంచాకి ఒకటే ఫిరంగి. ఇంకొకటి కావాలంటే మళ్లీ మట్టి దగ్గర నుంచి మొదలు.

మట్టి, పేడ, మైనం, ఒక అచ్చుకి ఒకటే వస్తువు. ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు ఇది ఎక్కడో చూసినట్టు అనిపించాలె. అవును, మన ఓజల పని ఇదే.

మా హాస్టల్‌లో నా పక్క మంచం తమ్ముడు ఓజ ఇంటోడు, జైనూర్ మండలం ఉషేగాం దిక్కు. నేను ఫిరంగి సంగతి చదివి వినిపిస్తుంటే వాడు నవ్విండు. "అన్నా, ఇది మా తాత రోజూ చేసే పనే కదా. తాత నెమలి పోస్తడు, వాళ్లు తోపు పోసిన్రు, అంతే" అన్నడు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్న. ఓజలు అంటే గోండులకి దేవతల బొమ్మలు, గంటలు, దీపాలు, నగలు ఇత్తడిలో పోసి ఇచ్చే వాళ్లు. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తరు. తేనె మైనంలో గుగ్గిలం కలిపి, సన్నటి తీగలుగా తీసి, ఆ ముద్ద మీద ఒక్కొక్కటే చుడతరు. డోక్రా బొమ్మ మీద మనకు కనిపించే గీతలన్నీ ఆ మైనం తీగలే. దాని మీద మెత్తటి మట్టి, ఆ మీద గరుకు మట్టి పూసి ఆరబెడతరు. కాలిస్తే మైనం కరిగి బయటికొస్తది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోతది. ఇత్తడి మైనం కంటే దాదాపు తొమ్మిది రెట్లు బరువు. కాబట్టి మైనం తూకం వేస్తే ఎంత ఇత్తడి కావాలో ముందే లెక్క తెలుస్తది. దీన్ని లెక్కల పుస్తకంలో సాంద్రత అంటరు. నాకు ఇంటర్‌లో ఆ పాఠం ఎక్కలేదు, ఓజ తమ్ముడు చెప్తే ఒక్క నిమిషంలో ఎక్కింది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మ, సుమారు 4,500 ఏళ్ల కిందటిది, ఇట్లనే మైనం కరిగించి పోసిందే. దాని ఎత్తు పది సెంటీమీటర్ల పైన కొంచెం, అంతే. అది ఢిల్లీ మ్యూజియంలో ఉంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో కంచు బొమ్మల గది ఉంది, మన హాస్టళ్ల నుంచి నడిచి పోవచ్చు. ఈసారి పోయినప్పుడు మమ్మీని చూసి వెనక్కి రాకండి, ఆ గదిలో కాసేపు నిలబడి ఒక్కో బొమ్మకి అచ్చు ఎట్ల చేసి ఉంటరో ఆలోచించండి.

తెలుగులో అచ్చుకి ఇంకో మాట మూస. సంస్కృతంలో మూషా అంటే లోహం కరిగించే మట్టి పాత్ర, మన మూస అక్కడిదే. కరిగించే పాత్రకీ, పోసే అచ్చుకీ రెంటికీ అదే మాట వాడినం. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో కమ్మర్లు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు, డమాస్కస్ కత్తులకని పరదేశం దాకా పోయింది. ఇప్పుడు మనం ఆ మాటని తిట్టులెక్క వాడుతున్నం. మూస సినిమా, మూస కథ, మూస చదువు. అంటే అందరూ ఒకటే లెక్క, కొత్తదనం లేదని. కానీ ఓజల మూసలో రెండు నెమళ్లు ఒక్క తీరు ఎప్పుడూ రావు, ఎందుకంటే మూస ప్రతిసారీ పగులుతది. ఒకటే లెక్క వందలు తీసే మూస వేరే జాతిది. దాని కథ సీసంతో మొదలైతది.

సీసం 327 డిగ్రీలకే కరుగుతది. ఇత్తడికి తొమ్మిది వందల పైన, ఇనుముకి 1,538 కావాలి. అంటే సీసానికి కొలిమి అక్కర్లేదు, ఇంట్లో పొయ్యి చాలు. నీళ్ల కంటే 11 రెట్లు బరువు. అందుకే సీసం రెండు చోట్లకి పోయింది: తుపాకి గుండులోకి, చేపల వలలోకి. రేమండ్ కాలం సిపాయిలు వాడిన గుండ్లు సీసంవే. వాటి అచ్చు పటకారు లెక్క ఉంటది, రెండు దవడలు, రెండింట్లో సగం సగం గుంత. మూసి పోస్తే గుండు, తెరిస్తే గుండు కింద పడతది, మళ్లీ మూసి పోయొచ్చు. అచ్చు పగలదు. విసురు వల అంచుకి కట్టే సీసం గుళ్లు, మా కాక గాలం తల, అన్నీ ఆ రెండు దవడల అచ్చు పిల్లలే. కాక ఇటుక కూడా అదే, కాకపోతే పది పన్నెండు సార్లకి పగులుతది.

ఇక కాక తెమ్మన్న సిలికాన్ సంగతి. ఇది కొత్త వస్తువు. ఇసుకలో ఉండే సిలికాన్‌కి కార్బన్ కలిపి చేసే ఈ రకం పదార్థాల మీద ఇంగ్లండులో కిప్పింగ్ అనే శాస్త్రవేత్త 20వ శతాబ్దం మొదట్లో చాలా పని చేసిండు. 1940లో అమెరికాలో రోకో అనే ఆయన దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసే దారి కనిపెట్టిండు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు పనికొచ్చింది. తర్వాత అచ్చులకి వచ్చింది. రెండు డబ్బాలు ఇస్తరు, ఒకటి చిక్కటి రబ్బరు, ఒకటి గట్టిపడే మందు. తూకం వేసి కలిపితే కొన్ని గంటల్లో గట్టిపడతది.

అచ్చు చేసే పద్ధతి ఇది. చిన్న పెట్టెలో బొమ్మలు చేసే మెత్తటి మట్టి పరచి, మంచి గాలం ఒకటి సగం లోతు దాకా అందులో నొక్కాలి. పక్కన నాలుగు చోట్ల వేలితో చిన్న గుంతలు చేయాలి, అవి తర్వాత రెండు సగాలు కదలకుండా పట్టుకుంటయి. సిలికాన్ సన్నటి ధారగా ఒక మూల నుంచి పోయాలి, లేకుంటే గాలి బుడగలు. గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసేసి, పైన వాసెలిన్ రాసి రెండో సగం పోయాలి. వాసెలిన్ మరిచిపోతే రెండు సగాలూ ఒకటే ముద్ద అయితయి, డబ్బు పోయినట్టే. ఆఖరికి సీసం పోయడానికి ఒక దారి, గాలి బయటికి పోవడానికి సన్నటి దారి కోసుకోవాలి. మామూలు సిలికాన్ సుమారు 200 డిగ్రీలే తట్టుకుంటది, సీసానికి సరిపోదు. వేడిని తట్టుకునే రకమే కావాలి, అది కూడా సీసం వేడికి కొన్నాళ్లకి కాలి పెళుసైతది.

షాపులో ధర విన్నంక నేను కొనలేదు. మెస్ డబ్బుల్లో అంత మిగలదు. కానీ హాస్టల్‌కి వచ్చి ఇంకో సంగతి చదివిన, కొనకపోవడమే మంచిదైంది అనిపించింది.

రెండేళ్ల కింద కాక చేయి కాలింది. వాన పడి తేమగా ఉన్న ఇటుకలో సీసం పోసిండు. తేమ ఒక్క క్షణంలో ఆవిరై సీసాన్ని పైకి చిమ్మింది. మోచేతి దాకా మచ్చలు ఇప్పటికీ ఉన్నయి. మేమంతా అది దురదృష్టం అనుకున్నం, ఏదో దయ్యం దిష్టి అని అవ్వ నిమ్మకాయ కూడా తిప్పింది. అది తేమ. అచ్చు పొడిగా ఉండాలనే ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. ఓజ ముసలాయనని అడిగి ఉంటే చెప్పేవాడు, వాళ్లు అచ్చుని రోజుల తరబడి ఆరబెడతరు, పోసే ముందు కాలుస్తరు. రెండు ఊర్లకి మధ్య దూరం పెద్దగా లేదు, కానీ ఆ విద్య ఇటు రాలేదు.

కాలిన చేయి కంటే పెద్ద భయం కనిపించనిది. కాక సీసం పాత బ్యాటరీల నుంచి తీస్తడు, అన్నం వండే పొయ్యి మీదే కరిగిస్తడు. మరీ కాగితే ఆవిరి లేస్తది, పైన తేలే బూడిద దుమ్మై చేతులకి, గిన్నెలకి, నేలకి అంటుకుంటది. బ్యాటరీ సీసంలో యాసిడ్, ఇంకా చెడ్డ దుమ్ము. పిల్లల ఒంట్లోకి సీసం ఎంత తక్కువ పోయినా మంచిది కాదని, ఇంత వరకు ఫర్వాలేదనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మెదడు మీద పడతది, చదువు మీద పడతది. ఆ పొయ్యి పక్కనే మా కాక బిడ్డ కూర్చొని ఎక్కాలు చదువుతది. ఇంగ్లండులో గాలాలకి కట్టే చిన్న సీసం గుళ్లు మింగి హంసలు చచ్చిపోతున్నయని 1987లో వాటి అమ్మకమే ఆపేసిన్రు. హంసకి దొరికిన రక్షణ మన పిల్లకి దొరకలేదు. సిలికాన్ అచ్చు కొనిస్తే అచ్చు మారుతది, సీసం మారదు. ఇంకా ఎక్కువ సార్లు పోస్తడు, ఇంకా ఎక్కువ దుమ్ము.

ఫోన్‌లో కాకకి ఇదంతా చెప్పిన. ముందు కోపం చేసిండు. "మా అయ్య కూడా పోసిండు, ఏమైంది?" అన్నడు. నేను జవాబు చెప్పలేకపోయిన. ఆఖరికి రెండు సంగతులు ఒప్పుకున్నడు. బ్యాటరీ పగలగొట్టడు. పొయ్యి ఇంటి అవతల, చింతచెట్టు కింద, వేరే గిన్నె, పిల్లలు దగ్గరికి రావద్దు. తగరం 232 డిగ్రీలకే కరుగుతది, అచ్చు ఎక్కువ కాలం ఉంటది, ఒంటికి సీసం లెక్క విషం కాదు, కాకపోతే రేటు ఎక్కువ, బరువు తక్కువ. నా స్కాలర్‌షిప్ పడితే తగరమూ సిలికానూ కలిపి తీసుకపోతా అని మాట ఇచ్చిన.

చివరగా ఓజ తమ్ముడు అన్న మాట చెప్పి ఆపేస్తా. సిలికాన్ గురించి వివరిస్తుంటే వాడు నవ్వలేదు. "అన్నా, గాలం మీద పోసినట్టే మా తాత నెమలి మీద కూడా ఈ రబ్బరు పోయొచ్చు కదా?" అన్నడు. పోయొచ్చు. మైనం తీగ గీతలు కూడా ఒక్కటి పోకుండా వస్తయి. పట్నంలో ఎవరైనా ఒక్క నెమలి కొని, సిలికాన్ అచ్చు తీసి, వెయ్యి నెమళ్లు పోసుకోవచ్చు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నం. ఆ చట్టం కాపాడేది పేరుని. వేరే వాళ్లు ఆదిలాబాద్ డోక్రా అని రాసి అమ్మొద్దు. పేరు రాయకుండా ఉత్త ఇత్తడి నెమలి అని అమ్మితే చట్టం ఏం చేస్తది?

అట్లని సిలికాన్‌ని తిట్టడం కాదు. అదే రబ్బరుతో ఓజ పిల్లలే చిన్న చిన్న వస్తువులకి మైనం ముక్కలు తీసుకొని పని తొందరగా చేసుకోవచ్చు, పెద్ద బొమ్మలు తాతల పద్ధతిలోనే చేయొచ్చు. అచ్చు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. తోప్ కా సాంచాలో పని చేసిన చేతులు మన ఊర్ల లాంటి ఊర్లవే అయి ఉంటయి, కానీ అచ్చు వాళ్లది కాదు. అందుకే పేరు లేదు.

ఒక చిన్న పని అడుగుతున్న. సంక్రాంతి సెలవులకి ఊరు పోయినప్పుడు మీ ఇంట్లో, మీ గూడెంలో, తండాలో ఏ అచ్చు ఉన్నా ఫోటో తీయండి. వల గుళ్లది, ఇటుకలది, గంటలది, నగలది, ఏదైనా. గోండిలో, కోయలో, కొలామిలో, లంబాడీలో దాన్ని ఏమంటరో పెద్దవాళ్లని అడిగి రాయండి. దాన్ని ఎవరు చేసిన్రో వాళ్ల పేరు కూడా, వాళ్లు సరేనంటేనే, రాసి పెట్టండి. సీసం పోసే ఇల్లు ఉంటే పొయ్యి బయటికి జరపమని చెప్పండి, తిట్టినా చెప్పండి.

ఓజ తమ్ముడు నేను వచ్చే ఆదివారం పొద్దున స్టేట్ మ్యూజియం పోయి, అక్కడి నుంచి తోప్ కా సాంచా చూసొస్తం. నాంపల్లి చుట్టుపక్కల హాస్టళ్లలో ఉన్నోళ్లు ఎవరైనా రావొచ్చు. నడిచే పోతం, ఖర్చు లేదు.

జై సేవా.